టెంకాయ లేచిన చోటు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరి కళ్లూ మా అమ్మ కాళ్ల మీదే ఉండేవి. ఆమె కూర్చున్న చోటి నుంచి లేస్తుంటే ఏ కాలు ముందు కదిలింది, గడప దాటుతుంటే ఏ కాలు ముందు పడింది అని మా అవ్వ, అంటే మా నాయనను కన్న తల్లి, చేస్తున్న పని ఆపి మరీ చూసేది. కుడికాలైతే కొడుకు, ఎడమకాలైతే కూతురు. అప్పటికి మేం ముగ్గురం ఆడపిల్లలం. నేను పెద్దదాన్ని, నాకు ఎనిమిదో తొమ్మిదో ఏడు. అమ్మ నాలుగోసారి కడుపుతో ఉంది. పాపం, ఆ నెలల్లో ఆమె కుడికాలు ముందు పెట్టడం అలవాటు చేసుకుంది. నీళ్ల బిందె నడుమున పెట్టుకుని వస్తూ గడప ముందు ఒక్క క్షణం ఆగి, కాలు మార్చుకుని లోపలికి వచ్చేది. నాకది ఆటలా కనిపించి నేనూ అలాగే ఆగి దాటేదాన్ని.

మాది కళ్యాణదుర్గం దగ్గర మెట్ట పొలాల పల్లె. వాన పడితే శెనక్కాయ, పడకపోతే ఏమీ లేదు. వానను గురించి, నేల కింది నీళ్లను గురించి, ఆడమనిషి కడుపును గురించి మా వాళ్లు ఒకే తీరుగా మాట్లాడుకునేవాళ్లు. మూడూ కంటికి కనబడేవి కావు కాబట్టి మూడింటికీ ఏవో గుర్తులు కావాలి. పులుపు మీద మనసు పోతే మగబిడ్డ అని మా అవ్వ లెక్క. పక్కింటి పెద్దమ్మ లెక్క దానికి సరిగ్గా తలకిందులు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని దీని గురించే వాదులాడుకునేవాళ్లు. అమ్మ చింతచిగురు అడిగిందని ఒక రోజు సంబరపడిన అవ్వ, మర్నాడు ఆమె బెల్లం ముక్క నోట్లో వేసుకోవడం చూసి ముఖం మాడ్చుకుంది. మా చిన్న చెల్లెల్ని ఒళ్లో బోర్లా పడుకోబెట్టుకుని, మెడ మీది జుట్టు పైకెత్తి, అది తోకలాగా కిందికి సాగిందా, గుండ్రంగా ఆగిందా అని చూసేవాళ్లు. ముందు పుట్టిన బిడ్డ జుట్టు వెనక పుట్టబోయే బిడ్డ సంగతి చెబుతుందట. చెల్లెలు చక్కిలిగింత పుట్టి నవ్వేది. ఆ ఇంట్లో అప్పుడు నవ్వేది అదొక్కటే.

మిగతావాళ్లు నవ్వకపోవడానికి కారణం ఉంది. ఈసారి కూడా ఆడపిల్లే అయితే మా నాయనకు రెండో పెళ్లి చేస్తానని అవ్వ పట్టుబట్టింది. ఆ రోజుల్లో మా దిక్కు అదేమంత వింత కాదు. కుందుర్పి వైపు ఒక పిల్లను చూసి కూడా వచ్చారు. నాయన ఔననలేదు, కాదనలేదు. ఆయన చెడ్డవాడు కాదు, కానీ వాళ్లమ్మ ఎదుట నోరు విప్పే మనిషీ కాదు. బావి దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి, "ఏమే, మీకు చిన్నమ్మ వస్తాదంట గదా!" అని పరాచికాలాడేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది. ఆ మాట అమ్మతో చెబితే, "నీకెందుకే ఆ మాటలు? పోయి చెల్లెలికి తల దువ్వు" అని అటు తిరిగిపోయింది. ఆమె ఎందుకు అటు తిరిగిందో నాకు అర్థమైంది.

అమ్మకు ఒక అన్న ఉండేవాడు. మా మామ. మా చుట్టుపక్కల పల్లెల్లో బావి తవ్వాలంటే ముందు ఆయన్ను పిలిచేవాళ్లు. అరచేతిలో టెంకాయను అడ్డంగా పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి, చేనంతా మెల్లగా నడిచేవాడు. ఎక్కడో ఒక చోట ఆ టెంకాయ తనంతట తానే పిలక పైకి పెట్టి నిటారుగా లేచి నిలబడేది. అక్కడ రాయి పెట్టి, తవ్వండని చెప్పేవాడు. మా చేనిలో బావి ఆయన చూపిన చోటే పడింది. చుట్టూ బావులు ఎండిన ఏడు కూడా అందులో నీళ్లు చూశాం. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. తక్కువ మాట్లాడేవాడు. ఆయన వస్తే నాకు పండగలా ఉండేది.

ఆ ఏడు అమ్మ కాళ్లు బాగా వాచిపోతే మామే బండి కట్టించుకుని కళ్యాణదుర్గం ఆస్పత్రికి తీసుకుపోయాడు. అక్కడ డాక్టరమ్మను, లోపల ఉండేది ఆడా మగా చెప్పమని అడిగాడట. పుట్టకముందే చెప్పే మిషను ఏదీ లేదని ఆమె నవ్విందట. అయితే అది ఎవరి వల్ల తేలుతుందో మాత్రం చెబుతానని, బల్ల మీద రెండు రంగుల మాత్రలు పోసి ఓపికగా చూపించిందట. అమ్మ ఈ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. 

అమ్మను దించి ఆయన బయలుదేరబోతుంటే అవ్వ ఆపింది. ఆమెకు ఉన్నట్టుండి ఒక ఆలోచన వచ్చింది. అలాంటి ఆలోచన ఇంకో సీమలో ఎవరికీ రాదేమో.

"ఏమప్పా, నలభై అడుగుల బండ కింద నీళ్లు కనుక్కుంటావు. జానెడు కడుపులో బిడ్డను కనుక్కోలేవా? టెంకాయ పట్టి చూడు. లేస్తే మగబిడ్డ, లేయకుంటే ఆడబిడ్డ. మాక్కూడా ఏం చేసేదీ ముందే తెలుస్తాది."

 మామ కాదంటాడనుకున్నాను. అవ్వ మీద కసురుకుంటాడనుకున్నాను. ఆయన అదేమీ చేయకుండా, "రేపు పొద్దున చూస్తా అత్తా" అన్నాడు.

మర్నాడు మా వాకిలి నిండా జనం. అమ్మ అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుంది. నేను ఆమె చేయి పట్టుకుని పక్కనే కూర్చున్నాను.  ఆ టెంకాయ లేవకపోతే మా ఇంట్లోకి ఇంకో ఆమె వస్తుందని నాకు తెలుసు, అమ్మకు తెలుసు, ఆ వాకిట్లో అందరికీ తెలుసు. మామ చేతులు కడుక్కుని టెంకాయ అందుకుని, మొదలుపెట్టే ముందు అవ్వను పిలిచాడు.

"ఒక మాట అత్తా. చేన్లో టెంకాయ యాడ లేస్తే ఆడనే తవ్వుతాం. ఈడ గూడా అంతే. అది యాడ లేస్తే మనం అడగల్సింది ఆడనే అడగల్ల. సరేనా?"

"సరేలేప్పా. నీ టెంకాయ మాట నేనెప్పుడు కాదన్నా? నువ్వు చూపించిన నీళ్లే గదా తాగుతాండాం."

మామ అమ్మ దగ్గరికి వచ్చాడు. టెంకాయ అరచేతిలో పడుకునే ఉంది. అటు నడిచాడు, ఇటు నడిచాడు. అది కదలలేదు. వెనక నుంచి ఎవరో, "లేయలేదు, ఆడబిడ్డే" అన్నారు. అమ్మ కళ్లు మూసుకుంది. "నేను అనుకొంటినే!" అని అవ్వ లేవబోయింది. నాకు మామ మీద పట్టరానంత కోపం వచ్చింది. సొంత చెల్లెలికి కూడా అక్కరకు రాని ఆ విద్య ఎందుకు అనిపించింది.

"ఇంకా కాలేదు, కూర్చో అత్తా. ఒక మూల లేయకుంటే ఇంగో మూలకు పోతాం గదా" అని మామ నడక సాగించాడు. అవ్వను దాటాడు. పక్కింటి పెద్దమ్మను దాటాడు. బండి చక్రానికి ఆనుకుని తల వంచుకుని నిలబడిన మా నాయన ముందుకు రాగానే, టెంకాయ పిలక పైకి పెట్టి నిటారుగా నిలబడింది. నాయన బిత్తరపోయి పక్కకు జరిగాడు. టెంకాయ పడుకుంది. మామ ఆయన ముందుకే మళ్లీ జరిగాడు. అది మళ్లీ లేచింది.  తర్వాత ఒక ముసలాయన, "ఏమప్పా ఇది, కడుపు ఆడుంటే టెంకాయ ఈడ లేస్తాదే!" అన్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు. నాయన ముఖం కందగడ్డయింది.

"అది లేయాల్సిన చోటే లేచింది" అన్నాడు మామ నవ్వకుండా. "బిడ్డను మోసేది ఆడమనిషి. ఆడో మగో తేలేది మాత్రం మొగోని దగ్గర. నిన్న ఆస్పత్రిలో డాక్టరమ్మ గూడా ఇదే చెప్పింది. ఆయమ్మ చదివి చెప్పింది, టెంకాయ చదవకుండా చెప్పింది."

నన్ను పిలిచి కందులు, వాటికంటే పెద్దగా ఉండే అనపగింజలు తెమ్మన్నాడు. ఒక గిన్నెలో అన్నీ కందులు పోశాడు. ఇంకో గిన్నెలో సగం కందులు, సగం అనపగింజలు కలిపి పోశాడు. మొదటిది ఆడమనిషి గిన్నె, రెండోది మొగోని గిన్నె. రెండింటిలోంచీ ఒక్కో గింజ కలిస్తేనే బిడ్డ. రెండూ కందులైతే ఆడపిల్ల, ఒకటి అనపగింజ అయితే మగపిల్లవాడు. అంతవరకు చెప్పి, కళ్లు మూసుకుని తీయమని రెండు గిన్నెలూ అవ్వ ముందు పెట్టాడు.

అవ్వ తీసింది. కందీ, కందీ. మళ్లీ తీసింది. మళ్లీ కందులే. ఆమెకు రోషం వచ్చింది. మూడోసారి రెండో గిన్నెలో చేయి పెట్టి వేళ్లతో తడిమి తడిమి, పెద్ద గింజ ఒకటి ఏరి పైకెత్తి, "ఇదో, వచ్చె గదా!" అంది. మామ అప్పుడు నవ్వాడు.

"తడిమి తీస్తివి గదత్తా. బిడ్డ పడేటప్పుడు తడిమే చెయ్యి ఎవరికీ లేదు. మా చెల్లికీ లేదు, మీ కొడుక్కూ లేదు. అందుకే ఎవరినీ అనేపని లేదు."

అవ్వ రెండు గిన్నెలనూ మార్చి మార్చి చూసింది. ఆమె చదువుకోలేదు కానీ బుర్ర మహా చురుకు. ఎవరూ అడగకముందే ఆమే అడిగింది. "అయితే ఆ కుందుర్పి పిల్లను తెచ్చినా, ఆ పిల్ల గిన్నెలో గూడా కందులేనా?"

"కందులే అత్తా."

"మా వాని గిన్నె ఇదేనా?"

"అదే."

 అవ్వ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేస్తూ, "అయితే ఇంగో గిన్నె తెచ్చేదెందుకు? ఇంట్లో ఉండే గిన్నెలు తోమేదానికే చేతులు చాలడం లేదు" అంది. అమ్మవైపు తిరిగి, "ఎండ పడతాంది, లోపలికి పో" అని గదమాయించింది. అమ్మ లేచి లోపలికి వెళ్లింది. ఏ కాలు ముందు పెట్టిందో నేను చూడలేదు. ఎవరూ చూడలేదు.

పంట ఇంటికొచ్చే రోజుల్లో అమ్మ ప్రసవించింది. ఆడపిల్లే. ఎవరు పుట్టారని వాకిట్లో ఆడవాళ్లు అడిగితే అవ్వ గుమ్మంలోకి వచ్చి, "మా వాని గింజ, ఇంకేమి!" అని లోపలికి పోయింది. చాలా ఏళ్ల వరకు ఆమె ఆ నాలుగో పిల్లని 'కందిగింజా' అనే పిలిచింది. ఎక్కువగా ఎత్తుకు తిరిగింది కూడా దాన్నే. నాయన ఎవరినీ అడక్కుండా తనే కుందుర్పి వెళ్లి, ఆ పిల్ల తండ్రి ముందు చేతులు జోడించి, సంబంధం వద్దని చెప్పి వచ్చాడు. వాళ్లమ్మకు చెప్పకుండా ఆయన చేసిన మొదటి పని అదేనని అమ్మ ముసలితనంలో కూడా గర్వంగా చెప్పుకునేది. ఆ తర్వాత మా ఇంట్లో పిల్లలు పుట్టలేదు. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

నేను పై చదువుకు కళ్యాణదుర్గంలో చేరాక, సైన్సు పాఠంలో అవే రెండు గిన్నెలు వేరే పేర్లతో కనిపించాయి. ఆశ్చర్యం పట్టలేక సెలవుల్లో మామ దగ్గరికి పోయి, డాక్టరమ్మకైతే చదువుకుంది కాబట్టి తెలిసింది సరే, టెంకాయకు ఎట్లా తెలిసిందని అడిగాను. ఆయన చేనిగట్టు మీద కూర్చున్నాడు. 

"నీళ్లకైతే అదే లేస్తాది పాపా. ఎందుకు లేస్తాదో నాక్కూడా తెలీదు. ఆ పొద్దు మాత్రం నేను లేపినా, బొటనవేలితో. డాక్టరమ్మ చెప్పింది నిజమే. ఆ నిజం ఉత్త నోటితో చెప్తే మీ అవ్వ వింటుందా? నన్ను వాకిట్లోంచే తరుముతుండె."

ఆయన అప్పుడే ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఒకసారి ఒక ఆసామి తన ఎండుచేను అమ్ముకోవడానికి, కొనేవాళ్ల ఎదుట టెంకాయ లేపితే పొట్టేలు ఇస్తానన్నాడట. మామ ఆ ఊళ్లో మళ్లీ అడుగు పెట్టలేదు. అలాంటి మనిషి మా వాకిట్లో తన చెల్లెలి కోసం వేలు కదిపాడు. ఆ తర్వాత కొన్నాళ్లు ఎవరు పిలిచినా నీళ్లు చూడ్డానికి పోలేదట. టెంకాయ పట్టుకుంటే తన చేతిని తనే నమ్మలేకపోయాడట. ఆ మాట చెబుతూ అరచేయి తిప్పి చూసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయనకంటే గొప్పవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు.

నేను తర్వాత టీచరునయ్యాను. టెంకాయ నీళ్లకు లేస్తుందని నేను చదివిన చదువు ఒప్పుకోదు. ఆయనతో ఆ వాదన ఎప్పుడూ పెట్టుకోలేదు. నిజం తెలిస్తే చాలదని, ఎదుటివాళ్లు నమ్మే దారిలో దాన్ని మోసుకెళ్లి వాళ్ల ఇంట్లో దించి రావాలని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అందుకు మనం ఇవ్వాల్సింది ఒక్కోసారి మనకున్న వాటిలో అన్నిటికంటే విలువైనదే కావచ్చు. మామ తన చేతి మీద తనకున్న నమ్మకాన్నే ఇచ్చేశాడు. అమ్మ పోయేదాకా ఆ ఇంట్లో మేం నలుగురం 'అమ్మా' అని పిలిస్తే ఒక్కతే పలికింది.