ముందు వరుసలో నాయనకో కుర్చీ

మా ఇంట్లో మొట్టమొదటి డిగ్రీ మా చెల్లెలిది. మార్కాపురంలో బీఫార్మసీ పూర్తి చేసింది. పట్టాలిచ్చే పండగకు రమ్మని అది ఫోను చేసిన రోజు నుంచి నాకు కాలు నిలవలేదు. కొమరోలు దగ్గర మా ఊళ్ళో కనపడిన ప్రతివాళ్ళకూ చెప్పాను. "అయితే మందుల దుకాణం పెడతాదా?" అని అడిగినవాళ్ళే ఎక్కువ. ఏం పెడితే ఏంది, ముందు పట్టా చేతికి రానీండి అని కసిరాను. నాకు సంతోషం ఎక్కువైతే కోపంగానే బయటికొస్తుంది. మా ఇంట్లో అందరికీ అది అలవాటే.

చిక్కల్లా నాయనతోనే. ఆయనకు రెండు కళ్ళల్లోనూ శుక్లాలు. ఆపరేషను చేయించుకోమంటే, గొర్రెలు ఈనే కాలం అయిపోనీ అంటూ జరుపుకుంటూ వచ్చాడు. మనిషి దగ్గరికొస్తే ముఖం తెలుస్తుంది, కాస్త ఎడంగా పోతే మసకే. "నాకేం కనపడతాదని రావాల? మీ అమ్మను పిల్చుకపో" అన్నాడు. మంద దగ్గర ఇద్దరిలో ఒకరు ఉండి తీరాలి. అమ్మ ఒప్పుకోలేదు. "ఆ పిల్లను చదివించాలని పట్టుబట్టింది నువ్వు. నువ్వే పోయి చూసి రా" అని తేల్చేసింది. తర్వాత నన్ను పక్కకు పిలిచింది. "ముందు వరుసలో కూర్చోబెట్టు. యాడో ఎనక కూర్చోబెట్టి తోలుకొచ్చినావంటే నేనూరుకోను" అంది.

అట్లా ముందు వరుస కుర్చీ నా మెడకు చుట్టుకుంది. మా ఆయన బోరు బండి మీద పనికి వేరే ఊరు పోయి ఉన్నాడు. నాయన, నేను, ఆరేళ్ళ నా కూతురు, మూడేళ్ళ కొడుకు తెల్లవారగానే బయల్దేరాం. కూతురు తళుకుల గౌను ముందురోజు సాయంత్రమే వేసుకుని, విప్పనని దాంతోనే పడుకుంది. పొద్దున దాన్ని చూస్తే తళుకులు సగం పక్క మీద, సగం దాని బుగ్గల మీద ఉన్నాయి.

గిద్దలూరు బస్టాండులో మార్కాపురం బస్సు ఆగకముందే జనం మూగారు. ఆడవాళ్ళకు ఫ్రీ అయినప్పటి నుంచి సీటు దొరకడమంటే ఎన్నికల్లో గెలిచినట్టే. నాయన భుజం మీది తువ్వాలు లాగి కిటికీలోంచి ఒక సీటు మీదికి విసిరాను. అదొక్కటే చాలదనిపించి చిన్నోణ్ణి కూడా ఎత్తి అదే కిటికీలోంచి లోపలికి దింపాను. మేము తోసుకుంటూ ఎక్కేసరికి వాడు తువ్వాలు మీద బాసింపట్టు వేసుకుని, "మా తాతది, మా తాతది" అని అందరినీ అదిలిస్తున్నాడు. వాడికి నా పోలికే వచ్చిందని నాయన మురిసిపోయాడు.

బస్సు కదిలిందో లేదో చెల్లెలి ఫోను. "అక్కా, యాడిదాకా వచ్చినారు? తల్లిదండ్రులకని కొన్ని వరుసలే ఉంచినారు. అవి అప్పుడే నిండుతున్నాయి."

"వస్తన్నాం వస్తన్నాం, నువ్వు టోపీ సరిగ్గా పెట్టుకో" అని పెట్టేశాను. డ్రైవరు ఎందుకింత నిదానంగా తోలుతున్నాడో అర్థం కాలేదు. నేనే దిగి వెనక నుంచి తోద్దామా అనిపించింది.

కంభం రాకముందే చిన్నోడు పొద్దున తిన్న ఇడ్లీ అంతా నా కొత్త చీర మీద కక్కాడు. కూతురు గౌను ఎత్తిపట్టుకుని సీటెక్కి నిలబడింది. పక్కన కూర్చున్న సాయిబుల పెద్దమ్మ సంచిలోంచి నిమ్మకాయ తీసి వాడి ముక్కు దగ్గర పెట్టింది. "యాడికి బేటీ, ఇంత హడావుడి?" అనడిగింది. ఎవరైనా అడగడమే నాకు కావలసింది. చెల్లెలి చదువు, నాయన కళ్ళు, ముందు వరుస, అన్నీ చెప్పేశాను. ఆమె ఊరుకోకుండా కండక్టరును కేకేసింది. "ఓ నాయనా, ఈ పెద్దాయన బిడ్డకు పట్టా ఇస్తాండారంట, జల్దీ పోనీమని చెప్పు!" దాంతో బస్సంతటికీ మా సంగతి తెలిసిపోయింది. కంభంలో నేను చీర కడుక్కుంటూ ఉంటే కండక్టరు ఈల వేయలేదు. బస్సులోని ఆడవాళ్ళే కిటికీల్లోంచి "రామ్మా, రా, ఆలస్యమైతాది" అని అరిచారు.

మార్కాపురంలో దిగి ఆటో పట్టుకుని కాలేజీ చేరేసరికి హాల్లో మైకు సరిచూస్తున్నారు. తల్లిదండ్రుల వరుసలు నిండిపోయాయి. కానీ వాటికి ముందు, వేదికకు ఎదురుగా, తెల్లగుడ్డ తొడిగిన కుర్చీలు వరుసగా ఖాళీగా కనపడ్డాయి. నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను. పరుగున పోయి తువ్వాలు ఒక కుర్చీ మీద పరిచి, పిల్లల్ని చెరో పక్క కూర్చోబెట్టి, నాయనను మధ్యలో దించాను. ఆయన కళ్ళు చికిలించి వేదిక వైపు చూశాడు. "ఇక్కడికైతే మనిషి తెలుస్తాడు పాపా" అన్నాడు. ఆ మాటకు నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

ఇంతలో ఒక విద్యార్థిని వచ్చింది. "ఆంటీ, ఇవి గెస్టులకు."

"ఆంటీ ఏంది? నాకింకా ముప్పై రాలే. తువ్వాలేసినాం, సీటు మాది."

ఆ పిల్ల బిక్కమొహం వేసి కుర్చీ వెనక అంటించిన కాగితం చూపించింది. ముఖ్య అతిథి అని ఉంది. బస్సులో చెల్లిన తువ్వాలు ఇక్కడ చెల్లలేదు. నాయన కళ్ళ సంగతి చెప్పాను, బతిమాలాను, గొంతు కూడా పెంచాను. ఒక మాస్టరు వచ్చి, "తప్పుగా అనుకోవద్దమ్మా, వాళ్ళు వచ్చేస్తున్నారు" అన్నాడు. నాయన అప్పటికే లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "రా పాపా, గొడవెందుకు. వాళ్ళ పండగ వాళ్ళను చేసుకోనీ" అన్నాడు.

చివరాఖరి వరుసలో చోటు దొరికింది. "ఏమన్నా కనపడతాందా నాయనా?" అనడిగాను. "ఎలుతురు కనపడతాందిలే" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంత దూరం మోసుకొచ్చి వెలుతురు చూపించి తీసుకుపోతున్నానా అని నా మీద నాకే మంట పుట్టింది. నా కూతురు తాత ఒళ్ళోకెక్కి, "నేను చెప్తా తాతా. పిన్ని నల్లగౌనేసుకుంది. నెత్తిన పలక పెట్టుకుంది" అని మొదలుపెట్టింది.

ఉపన్యాసాలయ్యాక పేర్లు పిలవడం మొదలైంది. పిల్ల పేరు, వెంటనే తండ్రి పేరు, ఊరు. పిలిచిన పిల్ల మెట్లెక్కి పట్టా తీసుకుని దిగుతోంది. కాసేపటికి మా చెల్లెలి పేరు వినపడింది. ఆ వెంటే మా నాయన పేరు, ఇంటిపేరుతో సహా, హాలంతా మోగింది.

నాయన దిగ్గున లేచాడు. "వచ్చినా సార్!" అన్నాడు.

మా ఊళ్ళో మైకులో పేరు పిలిస్తే లేచి పోవాల్సిందే. గొర్రెల టీకాలకైనా, పింఛనుకైనా, పిలిచినప్పుడు పలకకపోతే వంతు పోతుంది. ఆయనకు తెలిసిన మైకు అదే. నా కూతురు చెయ్యి పట్టుకుని కుర్చీల మధ్య దారిలో నడిచిపోయాడు. ఆపుదామని చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. చిన్నోడు నా పట్టు విడిపించుకుని వాళ్ళ వెంట పరిగెత్తాడు. హాల్లో అక్కడక్కడ నవ్వులు వినపడ్డాయి. మాస్టరొకాయన అడ్డు రాబోయాడు. అప్పటికే వేదిక మీదున్న చెల్లెలు, "మా నాయన సార్" అంటూ మెట్లు దిగొచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని పైకి తీసుకుపోయింది.

"అయ్యా, నా పేరు పిలిచినారు, ఏం పని?" అన్నాడు నాయన. మైకు దగ్గరే ఉండడంతో అందరికీ వినపడింది. ముఖ్య అతిథి ఒక్క క్షణం తెల్లబోయి, పట్టా ఆయన చేతికే ఇచ్చాడు. నాయన దాన్ని చంకలో పెట్టుకున్నాడు. చెల్లెలి గడ్డం పట్టి ముఖం తన ముఖం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. టోపీ తడిమాడు, దాని కుచ్చు తడిమాడు, గౌను చేతులు తడిమాడు. మళ్ళీ ముఖం చూశాడు.

"కనపడినావు తల్లీ" అన్నాడు. "బాగా కనపడతాండావు."

నేను చివరి వరుసలో కుర్చీ మీదికెక్కి, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, మందను మళ్ళేసే ఈల గట్టిగా వేశాను.