వినపడిందని రాసిన మూడు రోజులు

యూనివర్సిటీ వాళ్ళు కొత్తగా రేడియో స్టేషను పెట్టిన రోజుల్లో, తమ మాట ఎంత దూరం వెళుతుందో వాళ్ళకే సరిగా తెలియదు. అందుకని చుట్టుపక్కల ఊళ్ళలో ఊరికొకరిని ఎంచి, ఒక రేడియో, ఒక నోటుపుస్తకం ఇచ్చారు. మా ఊళ్ళో నాకిచ్చారు. సాయంత్రం ఆరింటికి పెట్టి అరగంట వినాలి. పుస్తకంలో మూడు గడులు: తేదీ, ఏం చెప్పారు, ఎలా వినపడింది.

అప్పటికి నాకు నలభై దాటాయి. వయోజనుల బడిలో అక్షరాలు నేర్చి ఏడాది కాలేదు. ఆ బడి మూసేశారు. నాతో నేర్చుకున్న ఆడవాళ్ళు పత్తితీతల్లో, మిరపకోతల్లో పడి, బస్సు మీద ఊరి పేరు కూడా మళ్ళీ ఒకరిని అడిగే స్థితికి వచ్చారు. నాకు రాయడానికి మిగిలింది ఆ పుస్తకమొక్కటే. అది పోతే నా అక్షరాలూ పోతాయని గట్టిగా నమ్మాను.

రేడియో పుచ్చుకునేటప్పుడు కాగితం మీద సంతకం పెట్టాను. వేలిముద్ర వేసిన రోజుల్లో ఏదైనా తేడా వస్తే 'నాకేం తెలుసు, వెయ్యమంటే వేశాను' అనడానికుండేది. పేరు రాశాక ఆ దారి లేదు. స్టేషను మార్చే ముల్లు కదపొద్దని వాళ్ళే దాని మీద టేపు అంటించి వెళ్ళారు.

మిరపకాయలు ఎండబెట్టే కాలం. ఇంటినిండా ఘాటు, ఎర్రటి దుమ్ము. ఒకరోజు రేడియోను తడిగుడ్డతో తుడిచాను. ఆ సాయంత్రం పెడితే మాట లేదు. బుస్సుమని ఒకటే చప్పుడు.

"ఏందే అది, పాములాగా బుస కొడతంది?" అంది మా అత్త మంచం మీద నుంచి.

"ఏం లేదత్తా."

"ఏం లేకపోవడమేంది? నీళ్ళు తాగించి చంపినట్టున్నావు. జీపేసుకొచ్చి దాన్నీ నిన్నూ కలిపి పట్టుకుపోతార్లే."

ఎగతాళికే అంది. నేను మాత్రం నిజమేననుకున్నాను. టేపు పీకి ముల్లు తిప్పితే ఇంకో స్టేషను పలికేదేమో, రేడియో బాగానే ఉందని తెలిసేది. కదపొద్దన్నారు కదా, కదపలేదు. పుస్తకం తీసి, 'మిరపకు ముడత తెగులు గురించి చెప్పారు. బాగా వినపడింది' అని రాశాను. అది ముందు వారం చెప్పిన సంగతి. రెండో రోజూ బుస్సే. పసిపిల్లలకు విరేచనాలైతే ఉప్పు, పంచదార నీళ్ళు పట్టమన్నారని రాశాను. మూడో రోజు ఏం రాయాలో తోచలేదు. పత్తిలో ఎండాకు ముక్కలు కలవనీయొద్దని మా నాన్న చెప్పే మాట గుర్తొచ్చింది. దాన్ని ఎవరో మాస్టారు చెప్పినట్టు రాశాను. బాగా వినపడింది.

నాలుగో రోజు మాట వచ్చింది. నా ప్రాణం లేచి వచ్చిందనుకునేలోపే అందులో వార్తలు చెప్పే ఆవిడ అన్నది: యంత్రం చెడిపోవడం వల్ల మూడు రోజులుగా ప్రసారాలు లేవు, శ్రోతలు మన్నించాలి.

పుస్తకంలో ప్రతి పేజీకీ అంకె వేసి ఉంది. చించడానికి లేదు.

"మేక తినేసిందని చెప్పు," అంది అత్త.

"మనకి మేక ఎక్కడుందత్తా?"

"వాళ్ళొచ్చి మేకల్ని లెక్కపెడతారా ఏంది?"

మర్నాడు మధ్యాహ్నమే జీపు వచ్చింది. యూనివర్సిటీ సారు అరుగు మీద కూర్చుని పేజీలు తిప్పుతుంటే, నేను గుంజ పట్టుకుని నిలబడ్డాను. ఒకచోట ఆగాడు.

"ఈ మూడు రోజులూ మేం అసలు మాట్లాడలేదమ్మా."

"దానికేం తెలీదయ్యా, నడివయసులో చదువు," అని అత్త అడ్డం వచ్చింది.

ఎలాగో అన్నాను. "తడిగుడ్డతో తుడిచాను సార్. నేనే చెడగొట్టాననుకున్నాను. పుస్తకం తీసుకుపోతారని అలా రాశాను."

ఆయన సంచిలోంచి వేరే ఊళ్ళ పుస్తకాలు నాలుగు తీసి అవే తేదీలు చూపించాడు. అన్నిట్లోనూ 'బాగా వినపడింది.'

"ఇచ్చినవాళ్ళని నొప్పించకూడదని మీరంతా మర్యాదగా రాస్తే మాకెట్లా తెలుస్తుందమ్మా? వినపడకపోతే చెబుతారనే కదా ఇచ్చింది." మళ్ళీ నా పుస్తకం చూశాడు. "వాళ్ళు ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. నువ్వు మా బదులు పాఠాలు కూడా చెప్పేశావు."

అది తిట్టో కాదో తెలియలేదు. కలం ఇచ్చాడు. "కొట్టెయ్యొద్దు. కింద జరిగింది రాయి." ఆయన చూస్తుండగా 'వినపడలేదు' అని మూడుసార్లు రాశాను. మూడూ మూడు రకాలుగా వంకర్లు పోయాయి.

"ఈ నెల నీ దగ్గరే ఉంచుతాను. మళ్ళీ ఇట్లా చేస్తే ఇంకొకరికి ఇచ్చేస్తాను," అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆరూ పది దాకా బాగా వచ్చి, మాట మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ బుస్సు.

"ఇప్పుడేం రాస్తావే?" అంది అత్త. గొంతులో ఎగతాళి లేదు.

అంత చదువుకున్నవాళ్ళకు మీ మాట నాకు రాలేదని నేను చెప్పడమా అని చెయ్యి ఆడలేదు. గడియారం రెండుసార్లు చూసుకుని, 'ఆరూ పదికి ఆగింది. తర్వాత వినపడలేదు' అని రాశాను. రాసి, పుస్తకం తీసుకెళ్ళి అత్త తలగడ కింద పెట్టేశాను. నా దగ్గరుంటే మళ్ళీ దిద్దేస్తానేమోనని.