పసుపు కళ్లంలో దిగిన విమానం

ఈ సంగతి అప్పుడే రాయాల్సింది. కానీ అప్పటికి నాకు అక్షరాలు రావు. నా కాలి ఆపరేషన్ కాగితం మీద కూడా వేలిముద్రే వేశాను. కాలు నయమయ్యాక ఆడవాళ్ల కోసం ఊళ్లో పెట్టిన సాయంత్రం బడిలో చదువు నేర్చుకున్నాను.

ఆ రోజు వేల్పూర్ దగ్గర మా కళ్లంలో ఉడకబెట్టి ఎండబోసిన పసుపు తిరగేస్తున్నాను. నా యారాలు గంగామణి, అంటే మా మరిది భార్య, గట్టు మీద సద్ది విప్పుతోంది. వెనక గాలి కోస్తున్నట్టు చప్పుడైంది. తిరిగి చూస్తే ఇద్దరు పట్టే చిన్న విమానం, ఇంజిన్ మోగకుండా, మక్కజొన్న చేను మీదుగా నా వైపే వస్తోంది. పరుగెత్తాను. అది పసుపు మీద జారి, చక్రం విరిగి పక్కకు తిరిగింది. రెక్క నా ఎడమ కాలికి తగిలింది.

నడిపే ఆయన నుదుటి మీద రక్తంతో దిగి వచ్చాడు. "అమ్మా, ఇంజిన్ ఆగిపోయింది. పైనుంచి చదునుగా ఈ జాగా ఒక్కటే కనిపించింది. మీరు కనిపించనే లేదు" అన్నాడు. ఎలా కనిపిస్తాను? పసుపు పనికి కట్టే నా పాత చీర కూడా ఆ రంగుకే తిరిగింది.

మోకాలి కింద ఎముక బయటికొచ్చింది. గంగామణి కొట్టంలోంచి పసుపుపొడి తెచ్చి, గాయం నిండా కూరి, కొంగు చింపి గట్టిగా కట్టింది. మా ఇళ్లలో కొడవలి తెగినా అదే మందు. నేనూ వద్దనలేదు.

నిజామాబాద్ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి ఓపెన్ ఫ్రాక్చర్ అన్నారు. కట్టు విప్పిన డాక్టరు, "ఇది కాలా, తొక్కు జాడీయా?" అన్నారు. గాయమంతా కడిగి, బయటినుంచి రాడ్లు బిగించే ఫిక్సేటర్ పెట్టారు.

కొన్నాళ్లకు జ్వరం, చీము. "ఇన్‌ఫెక్షన్ ఎముకకు చేరింది. యాంటీబయాటిక్ మారుస్తున్నం. లొంగకపోతే మోకాలి కింద తీసేయాల్సొస్తదమ్మా" అన్నారు డాక్టరు.

వరండాలో మా ఆయన గంగామణితో, "నీ పసుపే దీని కాలు తిన్నది" అనడం మంచం మీదున్న నాకు వినిపించింది. ఆమె మళ్లీ ఆసుపత్రికి రాలేదు.

"పసుపుతోనేనా సారూ?" అని డాక్టరును అడిగాను.

"ఒక్క పసుపే అని ఎట్ల చెప్త? చేను మట్టి సుత లోపలికి పోయింది. ఆమె గట్టిగ కట్టకుంటే రక్తమంత పోతుండె."

మళ్లీ ఆపరేషన్ చేసి కడిగారు. మెల్లగా చీము తగ్గింది. కాలు దక్కింది.

ఇప్పుడు కొంచెం కుంటుతాను. కింద కూర్చోలేక స్టూలు మీద కూర్చుని పసుపు కొమ్ములు ఏరుతాను. చదివేవాళ్లకు ఒక్క మాట చెబుతాను. ఎముక కనిపించే గాయంలో ఏ పొడీ కూరకండి. శుభ్రమైన గుడ్డ కప్పి కట్టండి, కాలు కదలనివ్వకండి, అంబులెన్స్ పిలవండి.

అప్పట్లో ఫిక్సేటర్ తీసిన నాడు డాక్టరు, "ఇంక బరువు మోపి నడువు" అన్నారు. మర్నాడు పొద్దున ఎవరినీ లేపకుండా, వాకర్ పట్టుకుని గంగామణి ఇంటికి నడిచాను. వాకిలి ఊడుస్తున్న ఆమె చీపురు వదిలేసింది.

"నిన్నెవరు నడవమన్నరక్కా?"

"డాక్టరే. నువ్వు కట్టిన కట్టుతోనే రక్తం ఆగిందన్నడు."

"మరి పసుపు?"

"దాన్ని మాత్రం మస్తు తిట్టిండు."

ఆమె నవ్వబోయి ఏడ్చింది. వెంటబెట్టుకుని మా ఇంటికి తెచ్చి, మా ఆయనకు చాయ్ ఆమె చేతనే ఇప్పించాను. ఆయన గ్లాసు అందుకుని, తలెత్తకుండా, "కూసో బిడ్డా" అన్నాడు.