గాలాడే అల్లిక

నరసాపురంలో కంప్యూటర్లు బిగించి అమ్మే ఉదయభాస్కర్ మాటకారి. 2005లో, కూతురు ప్లేస్టేషన్ అడుగుతోందంటూ వచ్చిన లేసు అల్లే సత్యలక్ష్మికి, "అది దండగండి, ఆ ఆటలన్నీ మన కంప్యూటర్లోనే ఆడించేస్తాను" అని ఒకటి అంటగట్టాడు.

తీరా అతనే వాళ్ళింటికెళ్ళి ఆట పెడితే తెరమీద కారు నత్తలా పాకింది. అందులోని ప్రాసెసర్ అంత బరువు మొయ్యలేదని అతనికి అమ్మేముందే తెలుసు. అయినా సీపీయూ మీద ఆవిడ ముచ్చటపడి అల్లి కప్పిన లేసు ముసుగు చూపించి, "గాలాడకుండా ఇలా కప్పేస్తే ఎలాగండీ?" అని గదమాయించాడు. తప్పు తనదేననుకుని ఆవిడ గబగబా తీసేసింది.

వారం తిరక్కుండా షాపుకొచ్చింది. తగువుకే వచ్చిందనుకున్నాడు. ఆవిడ సంచిలోంచి కొత్త ముసుగు తీసి, "ఈసారి కన్నాలు పెద్దవి పెట్టానండి. సరిపోతాయా?" అంది.