రెడ్డెప్పన్న చెవి

నిన్న సాయంత్రం కుప్పంలో పంక్చర్ షాపు దగ్గర స్కూటరు వెనక చక్రానికి గాలి పట్టిస్తున్నాను. గొట్టం తీసిన క్షణంలో వాల్వు నుంచి సన్నని ఈల ఒకటి వచ్చి ఆగిపోయింది. నా తల దానంతట అదే ఎడమ పక్కకు వంగింది. "ఏమ్మా, మెడ పట్టిందా?" అని షాపాయన అడిగాడు. లేదన్నాను. అది నా అలవాటు కాదు, రెడ్డెప్పన్నది. గాలి ఎక్కడ తప్పించుకుపోతున్నా తల ఎడమకు వంచి, కళ్ళు మూసుకుని వినేవాడు. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. నిన్న ఆ రోడ్డు పక్కన, అంతమంది మధ్య, ఆయన పక్కన ఒక్క నిమిషం కూర్చుంటే చాలుననిపించింది.

మదనపల్లిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి ఏడాది ఖాళీగా ఉన్నాక, హార్స్లీ హిల్స్ దారిలో ఒక రిసార్టులో నాకు పని దొరికింది. అక్కడ పెయింట్‌బాల్ ఆడించేవారు. రంగు నింపిన చిన్న గుండ్లను గాలి ఒత్తిడితో విసిరే ఆట తుపాకులు పన్నెండు ఉండేవి. కంపెనీ పుస్తకంలో వాటి పేరు మార్కర్. బ్యాటరీ, లోపల ఒక బోర్డు, గుండు వచ్చి సరిగ్గా కూర్చుందో లేదో చూసే ఒక చిన్న కాంతి కన్ను, గాలి బయటకు పోకుండా ఆపే రబ్బరు రింగులు. వీటన్నిటినీ రోజూ సరిచేసే మనిషి రెడ్డెప్పన్న. సొంతూరు పుంగనూరు. పాల కేంద్రాల్లో వెన్న శాతం చూసే మిషన్లు బాగుచేస్తూ సగం వయసు గడిపి ఇటు వచ్చాడు. ఇంగ్లీషు పుస్తకం ఆయనకు చదవరాదు. నేను చదివి చెప్పాలి, ఆయన చేయాలి అని నన్ను పెట్టుకున్నారు. నెల తిరిగేసరికి పుస్తకం మూసేసి ఆయన దగ్గరే నేర్చుకోవడం మొదలుపెట్టాను.

మాది ప్రార్థన లేకుండా ముద్ద ముట్టని ఇల్లు. పొద్దున గాలి సిలిండరు తిప్పే ముందు నేను కళ్ళు మూసుకునేదాన్ని. ఆయన నవ్వకుండా నిలబడి చూసేవాడు.

"ఏం పాస్టరమ్మా, అయిందా?"

"అయిందన్నా."

"నా పేరు కూడా సెప్పినావా?"

"చెప్పినాను."

"అట్లయితే ఆ రింగుకి గ్రీజు పెట్టు. అది మాత్రం ఆయన పెట్టడు."

గుండు వేగం కొలిచే చిన్న పెట్టె ఒకటి ఉండేది. దాని మీదుగా కాలిస్తే సెకనుకు ఎన్ని అడుగులు పోయిందో అంకె కనబడుతుంది. ఒక హద్దు దాటితే ఒంటికి తగిలినచోట కమిలిపోతుంది కాబట్టి ప్రతి మార్కర్నూ పొద్దునే చూడాలి. నేను అంకె చూసేలోపే ఆయన చెప్పేసేవాడు. "గట్టిగా మాట్లాడతాండాది. తగ్గించు." అలెన్ కీతో వేగం స్క్రూను పావు చుట్టు వెనక్కి తిప్పితే అంకె దిగేది. ఏ రింగు అరిగిందో కూడా చెవి ఆనించి చెప్పేవాడు. ఒక్కసారీ తప్పలేదు. నేను పందెం కాసి రెండు టీలు ఓడిపోయాక ఊరుకున్నాను.

ఇంకొక పద్ధతి ఆయనదే, ఏ పుస్తకంలోనూ లేదు. ఆటకు వచ్చిన ప్రతివాళ్ళతోనూ చేయి కలిపేవాడు. వాళ్ళు మర్యాద అనుకునేవారు. ఆయన వేళ్ళ బలం చూసుకునేవాడు. తర్వాత నా వైపు వంగి, "ఆ నీలం చొక్కా ఆయన ఆత్రగాడు, ట్రిగ్గర్ బిగించు. ఆయమ్మ వేళ్ళు మెత్తన, ఆమెది వదులు చెయ్యి" అనేవాడు. ట్రిగ్గర్ పక్కనున్న రెండు చిన్న స్క్రూలలో వెంట్రుకవాసి తేడా అంతే. కానీ ఆత్రగాడి గుండ్లు వృథాగా పోయేవి కావు, మెత్తని చేతుల ఆయమ్మ ఆట మధ్యలో విసిగిపోయేది కాదు.

ఒక వానాకాలం ఆయన చేయి కలపడం మానేసి అందరికీ నమస్కారం పెట్టడం మొదలుపెట్టాడు. నాలుగు రోజులు చూశాను.

"యాలన్నా, ఈ మధ్య నమస్కారాలు?"

ఆయన జేబులోంచి కుడి చేయి తీసి బల్ల మీద పెట్టాడు. లారీలో పాల క్యాను మూత అదిరినట్టు అదురుతోంది.

"మదనపల్లి డాక్టరుకు సూపించినా. తగ్గేది కాదంట." చేతిని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "ఇంట్లో కూర్చుంటే నేను బతకనుమ్మా. స్క్రూలు నువ్వు తిప్పు, నేను వింటా. ఇద్దరం కలిసి ఒక మెకానిక్కు."

ఐదు నెలలు అట్లాగే నడిచింది. మార్కర్లు అంతకు ముందుకన్నా బాగున్నాయంటే అతిశయోక్తి కాదు. ప్రతి ఆదివారం ఉదయం మాత్రం నేను ఆరాధనకు వెళ్ళేదాన్ని. నేను వచ్చేదాకా ట్రిగ్గర్లు ముట్టుకోనని ఆయన మాట ఇచ్చాడు. ఒక ఆదివారం బెంగళూరు నుంచి రెండు బస్సుల జనం గంట ముందే దిగారు. మేనేజరు తొందరపెట్టాడు. రెడ్డెప్పన్న స్క్రూ తనే తిప్పాడు, చేయి వణికి ఎక్కువ తిరిగింది. బల్లకు ఎవరిదో మోకాలు తగలగానే మార్కర్ దానంతట అదే పేలింది. ఎవరికీ తగల్లేదు. గోడ మీద పసుపు మరక పడింది, అంతే.

సోమవారం మేనేజరు నన్ను ఆఫీసుకు పిలిచాడు. "రెడ్డెప్ప చేయి వణుకుతుందా, లేదా? ఒక్క మాట చెప్పు."

"వణుకుతుంది సార్."

ఆయన అంతే అడిగాడు. నేను అంతే చెప్పాను. అబద్ధం ఆడకూడదని ఉగ్గుపాలతో నేర్చినదాన్ని. బయటికి వస్తుంటే లోపల ఒక మూల గర్వం కూడా కలిగింది. బుధవారం ప్రార్థన కూడికలో లేచి, శోధనలో నా నాలుకను కాపాడినందుకు దేవునికి స్తోత్రమని సాక్ష్యం చెప్పాను. సంఘమంతా ఆమెన్ అన్నది. గురువారం రెడ్డెప్పన్నను ఇంటికి పొమ్మన్నారు.

ఆయన బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటే వెళ్ళాను. చేతిలో టిఫిను క్యారియరు గలగలమంటోంది.

"అబద్ధం చెప్పలేకపోయినానన్నా."

"యాల సెప్పాల? వణికే చెయ్యి వణుకుతాండాది." క్యారియరును ఎడమ చేతికి మార్చుకున్నాడు. "చెవి సంగతి సెప్పినావా?"

"ఆయన అడగలా అన్నా."

"అడగలేదా." బస్సు వచ్చే దిక్కుకు చూశాడు. "సరేలే."

నెల తర్వాత ఏడో నంబరు మార్కర్ గాలి వదలడం మొదలుపెట్టింది. రింగులన్నీ మార్చినా ఆగలేదు. సిగ్గు విడిచి ఆయనకు ఫోను చేసి, ఫోనును మార్కర్‌కు ఆనించాను. "ఇంకొంచెం ముందరికి పెట్టు. ఆ, ఆడనే. రింగు కాదు, కింద మర సందు. దాన్ని తుడువు." తుడిస్తే ఆగింది. పుంగనూరులో మంచం మీద కూర్చుని, చేయి కదపకుండా బాగుచేశాడు. ఆ ఫోనుతోనే మేనేజరు దగ్గరికి పరుగెత్తి అంతా చెప్పాను. ఆయన శాంతంగా విని, "కొత్త మనిషి చేరి పది రోజులైంది. అప్పుడే చెప్పుంటే కదా" అన్నాడు.

తర్వాత కూడా ఫోన్లు చేస్తూనే ఉండేదాన్ని. కొన్నిసార్లు ఏ చెడిపోవడమూ లేకపోయినా మార్కర్ కాల్చి వినిపించేదాన్ని. "బాగుండాది" అనేవాడు. ఆ ఒక్క మాట విని రోజంతా పనిచేసేదాన్ని. పెళ్ళయి కుప్పం వచ్చిన ఏడాదే ఆయన ఫోను వాళ్ళ కొడుకు ఎత్తాడు. బాప్తిస్మం లేని ఆయన పరలోకంలో ఉంటాడా అని మా సంఘంలో అడిగితే వచ్చే జవాబు నాకు తెలుసు. అందుకే నేను అక్కడ అడగను. నా ప్రార్థనలో మాత్రం ఆయన పేరు ఇప్పటికీ చెబుతాను.

పోయిన నెల మా సంఘపు పెద్ద నన్ను పిలిచి, సండే స్కూలుకు టీచరుగా పెట్టాలనుకున్న ఒకామె గురించి అడిగాడు. "ఆమెకు చదువు సరిగా రాదంట, నిజమేనా?"

"నిజమేనయ్యా, కూడబలుక్కుని చదువుతుంది" అన్నాను. ఆయన తల ఊపి లేవబోయాడు.

"ఇంకొకటి ఉండాదయ్యా, కూర్చోండి."

"నేను అడిగింది అంతేనమ్మా."

"మీరు అడగలేదు. అయినా చెప్తాను" అన్నాను. ఆమె కథ చెబుతుంటే పిల్లలు కదలరని, ఏడ్చే బిడ్డ ఆమె ఒడిలోనే ఊరుకుంటుందని, గుర్తొచ్చినవన్నీ చెప్పాను. ఆయన మళ్ళీ కూర్చున్నాడు.