కూతురు లేని ఇంటి పెండ్లి విచారణ

కోవిల్‌పట్టిలో పత్తి మిల్లు నడిపే తిరుపతిసామి నాయకర్‌కు ఒకే ఒక తెగులు ఉండేది. మిల్లులోకి ఎవరిని పనికి తీసుకోవాలన్నా, పెండ్లికొడుకును విచారించినట్టు విచారించేవాడు. మాటవరసకు కాదు. తమలపాకులు, వక్కలు, అరటిపండ్లు తట్టలో సర్దించి, పెండ్లాం చేత పట్టుచీర కట్టించి, ఆ మనిషి ఊరికి బండి కట్టించేవాడు. వాకిలి ఊడ్చే పనికైనా సరే, తట్ట తప్పేది కాదు.

ఇందులో అన్యాయమైపోయింది ఆ పెండ్లాం వీరమ్మాళ్. ఆమెకు ముగ్గురూ మగపిల్లలే. కూతురు లేని ఇల్లాలు కళుగుమలై లాంటి ఊళ్ల ఎండలో, ఎవరింటి అరుగు మీదనో పట్టుచీరతో కూర్చోవాలంటే ఒళ్లు మండదా? మండేది. బండి ఎక్కింది మొదలు దిగేదాకా మండుతూనే ఉండేది.

"పాత యజమాని చేత చీటీ రాయించుకుని రమ్మంటే చాలదా మీకు? లోకంలో అందురూ అట్లనే గదా చేస్తుండారు!"

"చీటీలో మనిషి కనపడడు వీరమ్మా."

"ఈయమ్మకు కూతురు యాడుండాదని ఊరు నవ్వుతాది. నా మానం పోతాది."

"పెండ్లని నేను నోరు తెరిచి చెప్పినానా? పిల్లోడు ఎట్లాంటోడని అడగతా ఉండాను. నోరెత్తక సుమ్మా ఉండు."

అదీ నిజమే. ఆయన ఏనాడూ అబద్ధమాడలేదు. తట్ట ముందు పెట్టి ఒక్క ప్రశ్న అడిగి ఊరుకునేవాడు. మిగతా కథంతా ఎదుటివాళ్లే అల్లుకునేవాళ్లు. ఒకసారి ఏళాయిరంపన్నైలో, బండి తోలే పనికి వచ్చిన ఆండి గురించి అడగబోతే, ఆండి మేనత్త వీరమ్మాళ్ చేతికి మజ్జిగ చెంబు ఇచ్చి, "మీ పిల్ల నలుపా, ఎరుపా?" అంది. "ఇంకా పుట్టలేదు" అన్న మాటను వీరమ్మాళ్ మజ్జిగతో పాటు మింగేసింది.

ఇట్లా ఉండగా విరుదునగర్ నుంచి దొరైసామి అనే కుర్రవాడు పని అడగడానికి వచ్చాడు. అక్కడ రంగరాజన్ పత్తి మండిలో తూకం చూసేవాడట. రంగరాజన్ అతన్ని వెళ్లగొట్టడమే కాక, చేతివాటం మనిషని కోవిల్‌పట్టి దాకా కబురు పంపాడు. ఎంత దుర్మార్గం చూడండి! ఒకడి నోటిమాటకు ఊళ్లోని మండీలన్నీ తలుపులు వేసుకున్నాయి. తల్లి పట్టమ్మాళ్ పరాయి చేలల్లో పత్తి ఏరి ఇద్దరి కడుపులూ నింపుతోంది. ఈ మిల్లులో కూడా కాదంటే ఆమెను ఒంటరిగా వదిలి సిలోను తోటలకు కూలీగా పడవెక్కడమే అతనికి గతి.

"దొంగ అని చెప్పినోడి దగ్గరికే తట్ట ఎత్తుకుని పోవాలనా?" అని వీరమ్మాళ్ మండిపడింది. మండిపడుతూనే రైలెక్కింది.

మండిలో రంగరాజన్ బేరగాళ్ల మధ్య కూర్చుని ఉన్నాడు. సరుకు కొనడానికి వచ్చిన చౌడయ్య కూడా పక్కనే ఉన్నాడు. తిరుపతిసామి తట్ట దించాడు.

"దొరైసామని ఒక పిల్లోడు మీతాన ఉండె గదా. ఎట్లాంటోడు?"

రంగరాజన్ తట్టను చూశాడు, పట్టుచీరను చూశాడు, కళకళలాడిపోయాడు. పెండ్లి చెడగొట్టిన పాపం వంశాన్ని కొడుతుందని మా వాళ్లలో గట్టి భయం. పగవాడి సంబంధానికైనా ఎవరూ అడ్డుమాట చెప్పరు.

"బంగారం నాయకరే! బీడీ లేదు, కల్లు లేదు. పెట్టె తాళాలు వాని చేతికిచ్చి తిరుచెందూరు పోయొస్తిని. ఒక్క కాసు తగ్గలా."

"మరి యాల పంపేస్తిరి?"

"అదా? మూటల మీద కొంచం నీళ్లు చల్లరా, తూకం నిలస్తాది అంటిని. చల్లనంటే చల్లనన్నాడు! వ్యాపారానికి పనికిరాడు గాని, అట్లాంటి అల్లుడు మీకు దొరకడు."

చౌడయ్య గబుక్కున లేచి మూటలు తడిమి చూడడానికి వెళ్లాడు.

ఇన్నేళ్లుగా మొగుడి మీద కాచి పెట్టుకున్న కోపమంతా వీరమ్మాళ్‌కు ఒక్కసారిగా ఇటు తిరిగింది. "మరి దొంగని ఊరంతా చాటించినారే! ఆ నోరేనా ఇది?"

రంగరాజన్ నొచ్చుకున్నాడు. "అది పనికోసం అడిగినోళ్లకు చెప్పిన మాటమ్మా! పెండ్లికి ఎవురన్నా అట్లా చెప్తారా? నేనేం పాపిష్టోన్నా?"

"నేను అడిగింది పనికోసమే," అన్నాడు తిరుపతిసామి. "రేపట్నించి మా మిల్లులో తూకం వానిదే. మీరు చెప్పింది ఇందరూ వినిరి. ఇంక మార్చి చెప్పలేరు."

తిరుగు రైల్లో వీరమ్మాళ్ చాలాసేపు మిల్లులోని మనుషులను ఒక్కొక్కరినే తలుచుకుంది. ఆండి, వాకిలి ఊడ్చే పొన్నయ్య, దూది ఏరే కుర్రవాడు. ఒక్కరికీ పాత యజమాని మంచిమాట రాసివ్వలేదు. అందరూ తరిమేసిన వాళ్లే.

"వీళ్లకు ఒక మంచిమాట చెప్పించేదానికేనా ఈ తట్ట? నాకు ఒక మాట చెప్పి ఉంటే ఇన్నేండ్లు నోరు నొప్పి పుట్టేలా తిట్టి ఉండను గదా!"

"చెప్తే నువ్వు నవ్వు మొగంతో వస్తావు," అన్నాడాయన. "పిల్లనిచ్చే తల్లి ఏ ఊర్లోనన్నా నవ్వతా కూర్చుంటాదా? నీ కోపం చూసే గదా అందురూ నమ్ముతుండేది!"

వీరమ్మాళ్‌కు ఒళ్లు భగ్గుమంది. సాత్తూరు దాటేదాకా ఆయనను తిడుతూనే ఉంది. దాటాక, "మళ్లీ ఎవురిని చూసేదానికి పోవాల?" అని అడిగింది, కోపంగానే.