ఎడమవైపు బరువు

పడవలో బరువు తగ్గించమని చెప్పేవాళ్ళ మధ్య పెరిగాను నేను. అలాంటిది, కావాలని బరువు ఎక్కించి, ఆ పడవలో జనాన్ని తిప్పితే జీతం ఇస్తానని ఒక మనిషి అంటే ఎవరికైనా ఏమనిపిస్తుంది? నాకు ముందు ఆ మనిషి మీద అనుమానం వచ్చింది. తర్వాత పడవ మీద వచ్చింది. ఆ తర్వాత చుట్టుపక్కల ఒక్కరినీ వదల్లేదు. అనుమానం నాకు ఆకలిలాంటిది, పిలవకపోయినా వేళకి వచ్చేస్తుంది.

ఆ మనిషిని మేమంతా సార్ అంటాం. విశాఖ నుంచి వచ్చి, బారువకి ఇవతల ఉప్పుటేరు ఒడ్డున కొబ్బరితోట ఒకటి లీజుకు తీసుకుని, అతిథుల కోసం పాకలు వేయించాడు. కొన్నాళ్ళకి టెక్కలి మీదుగా లారీలో ఒక తెల్లటి పడవ దిగింది. మా తెప్పలకి ఇంజిను వెనక వేలాడుతూ ఉంటుంది. దీనికి కడుపులో ఉంది. కాళ్ళకి పలక బిగించుకున్న మనిషి వెనక తాడు పట్టుకుంటాడు, పడవ లేపిన అలల మీద గెంతుతాడు. అదీ ఆట. అల ఎంత ఎత్తు లేస్తే ఆటకి అంత గిరాకీ. అల లేవాలంటే పడవ నీళ్ళలో లోతుగా కూర్చోవాలి, లోతుగా కూర్చోవాలంటే బరువు పెట్టాలి. సార్ ఇదంతా నవ్వుతూ చెప్పాడు. అంత నవ్వుతూ చెప్పే మాటలు నేను ఊరికే నమ్మను.

సీట్ల కింద పెద్దపెద్ద రబ్బరు సంచులున్నాయి. చిన్న పంపు పెట్టి ఏటి నీళ్ళతో వాటిని నింపాలట. ఒడిశా సరిహద్దు పక్కనే ఉంది కదా, ఆ సంచుల్లో సారా ఏమైనా తిరుగుతోందేమోనని ఒకరోజు ఎవరూ లేనప్పుడు మూత విప్పి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పుటేటి నీళ్ళే. బురద వాసన కూడా వేసింది. ఉమ్మేసి మూత బిగించాను గానీ, నా అనుమానం మాత్రం పూర్తిగా పోలేదు.

అయినా ఉద్యోగం ఒప్పుకున్నాను. దానికి కారణం మా ఆవిడ. వాళ్ళ అన్న, అంటే మా బావ, వేటకెళ్ళి సముద్రంలోనే పోయాడు. నేనప్పుడు గుజరాత్‌లో, వీరావల్ బోట్ల మీద పనిలో ఉన్నాను. తెప్ప తిరగబడిందని ఫోన్లో చెప్పారు. నేను రైలెక్కి వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. అప్పటినుంచి మా ఆవిడది ఒకటే మాట, ఇక నేను సముద్రం ముఖం చూడకూడదు. మా ఊళ్ళో వేట తెలిసినవాడికి ఇంకో పని ఎవరిస్తారు? జీడితోటల్లో కూలికి వెళ్ళాను, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో మూటలు మోశాను, ఎక్కడా నెల తిరక్కుండానే ఎవరో ఒకరితో తగాదా పడి వచ్చేశాను. ఈ పడవ ఒక్కటే నాకు చేతనైన పని, పైగా సముద్రంలో కాదు. ఇది కూడా పోతే మళ్ళీ తెప్ప ఎక్కడం తప్ప దారి లేదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

మొదట్లో పని నచ్చింది, అబద్ధం ఎందుకు. బరువంతా వెనక పెడితే పడవ ముక్కు ఆకాశానికి లేచిపోయేది, అల నిటారుగా లేచి నురగై విరిగిపోయేది. కొంత బరువు ముందుకి తెస్తే అదే అల పొడుగ్గా, నున్నగా సాగేది. సార్ ఫోన్లో వీడియోలు చూసి ఇక్కడ ఇంత, అక్కడ అంత అనేవాడు. నేను వెనక్కి తిరిగి నీళ్ళు చూసి ఇంకోలా అనేవాణ్ణి. ఒకసారి ఆయన మాట నిలిచేది, ఒకసారి నాది. రెండు పక్కలా బరువు సమంగా ఉన్నంతకాలం మా మధ్య ఏ గొడవా రాలేదు.

ఇంతలో రెండు రబ్బరు సంచుల్ని ఎలుకలు కొరికేశాయి. కొత్తవి ఎక్కడో విదేశం నుంచి రావాలట. అప్పుడు నేనే చెప్పాను, ఇసుక పెడదామని. మా తెప్పలు మరీ ఖాళీగా వెళ్ళేటప్పుడు నిలకడకి రెండు మూడు ఇసుక బస్తాలు వేసుకుంటాం, చేప పడితే ఇసుక సముద్రంలో కుమ్మరించేస్తాం. పలాస నుంచి జీడిపప్పు ఖాళీ సంచులు తెచ్చి, మోయడానికి వీలుగా చిన్నచిన్న బస్తాలు చేశాం. మా ఆవిడే వలదారంతో వాటి మూతులు కుట్టింది. పడవ అడుగుకి తడి దిగకుండా మందమైన ప్లాస్టిక్ పరిచాను. సార్ మెచ్చుకున్నాడు. ఎందుకు మెచ్చుకుంటున్నాడా అని ఆ రాత్రంతా ఆలోచించాను.

గొడవ వర్షాలు తగ్గాక మొదలైంది. తాడు లేకుండా, పడవ వెనకే అల మీద నిలబడి తేలిపోయే ఆట ఒకటి ఉందట, అతిథులు అది కావాలంటున్నారట. దానికి బరువంతా వెనక ఎడమవైపే పెట్టాలన్నాడు సార్.

"అలగైతే వొరిగిపోతాది కదండీ" అన్నాను.

"ఒరగాలయ్యా. ఒరిగితేనే అల ఒక పక్కకి పోగవుతుంది. సమంగా ఉంటే రెండు పక్కలకీ చీలిపోయి ఎందుకూ పనికిరాదు."

"వొరిగిపోయిన పడవ మావెక్కం సార్. మాకు అలవాటు నేదండి."

"అలవాటు చేసుకో."

చేసుకున్నాను. పొద్దున్నే బస్తాలన్నీ ఎడమవైపు సీటు కింద పేర్చి ఏట్లోకి తీస్తే, నిజంగానే ఎడమ పక్కన నడుమెత్తు అల లేచింది, అద్దంలా నున్నగా ఉంది. సార్ చప్పట్లు కొట్టాడు. నేను మాత్రం పడవ ఎడమ అంచు నీళ్ళకి దగ్గరైన ప్రతిసారీ ఒళ్ళు కుడివైపుకి వంచాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అతిథుల్ని ఎక్కించుకుని మళ్ళీ వెళ్ళాం. అల లేవలేదు. రెండు పక్కలా రెండు పిల్ల అలలు లేచి చచ్చాయి. పలక పట్టుకుని నీళ్ళలో ఉన్న కుర్రాడు నిలబడబోవడం, మునగడం, ఇదే తంతు. సార్ ముఖం ఎర్రబడింది. నేను వేగం పెంచి చూశాను, తగ్గించి చూశాను. ఏమీ లాభం లేకపోయింది. ఒడ్డుకొచ్చాక సీటెత్తి చూస్తే, బస్తాల్లో సగం కుడివైపు సీటు కింద ఉన్నాయి. అవి జారిపోయి ఉంటే చెల్లాచెదురుగా ఉండాలి. ఇవి మాత్రం పొందిగ్గా, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

ఎక్కేటప్పుడే నాకు ఎందుకు తెలియలేదని సార్ అడిగాడు. దానికి నా దగ్గర జవాబు ఉంది గానీ ఆయనకి చెప్పలేకపోయాను. పడవ ఒరిగి ఉంటే నా కంటికి ఆనుతుంది, సమంగా ఉంటే ఆనదు. సమంగా ఉన్న పడవని చూసి తేడా ఉందని ఏ తెప్పవాడూ అనుకోడు.

మరో రెండుసార్లు అలాగే అయింది, అతిథులు ఎక్కి కూర్చున్నాక సీట్లెత్తి చూడడానికి వీలుపడలేదు. మూడోసారి సార్ నన్ను పక్కకి పిలిచాడు.

"నీకు మొదటినుంచీ ఇది ఇష్టం లేదు కదా" అన్నాడు.

నేను ఏదో అనబోయాను. ఆయన చెయ్యెత్తాడు. "ఆదివారం భువనేశ్వర్ నుంచి పెద్ద గుంపు వస్తోంది. ఆ రోజు అల సరిగా రాకపోతే ఇంకో డ్రైవర్ని చూసుకుంటాను."

లోకాన్నంతా అనుమానించే నన్ను పట్టుకుని ఇంకొకడు అనుమానిస్తాడా! ఒళ్ళు మండిపోయింది. ఆ మంట నేరుగా తోటకి కాపలా ఉండే ఆయన మీదకి పోయింది. ఆయనది కంచిలి వైపు. తన అల్లుడికి ఈ డ్రైవర్ పని ఇప్పించాలని ఆయన మొదట్లో గట్టిగా తిరిగాడని నాకు తెలుసు. కొబ్బరి మట్టలు పోగేస్తున్నవాడి మీదకి వెళ్ళి, బస్తాలు ఎందుకు మార్చావని నిలదీశాను.

"ఏటి బావా, నామీద పడిపోతన్నావు?" అన్నాడు ఆయన. "బస్తాలు మోసీ వొయసా నాది? మద్దేన్నం తినీసి తొంగుంతాను. కావాలంతే వొచ్చి సూసుకో."

నేను నమ్మలేదు. కాస్త ఎక్కువే మాట్లాడాను. ఆయన మట్టలు అక్కడే పారేసి వెళ్ళిపోయాడు, ఆ తర్వాత నాతో మాట్లాడడం మానేశాడు.

ఆదివారం పొద్దున్న అల బ్రహ్మాండంగా వచ్చింది. మధ్యాహ్నం అతిథులంతా పాకల దగ్గర భోజనాలకి కూర్చున్నారు. ఎప్పటిలాగే మా ఆవిడ క్యారేజీ తెచ్చి, నాకు రేవు షెడ్డు వెనక గాలి తగలని చోట అన్నం పెట్టింది. చేపల పులుసు. నేను తింటున్నట్టే కూర్చుని, చెవులు రేవు వైపు పెట్టాను. ఆమె గిన్నెలు కడిగొస్తానని లేచింది. కాపలా ఆయన ఇప్పుడే వస్తాడని, చెయ్యి కూడా కడుక్కోకుండా షెడ్డు సందులోంచి తొంగి చూశాను.

కాపలా ఆయన రాలేదు. మా ఆవిడ గిన్నెలు గట్టున పెట్టి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని పడవెక్కింది. ఎడమవైపు సీటెత్తింది. చేపల గంప ఎత్తినట్టే ఒక్క ఊపుతో బస్తా చంకకెత్తి కుడివైపుకి మోసింది. అలా కొన్ని మోశాక రేవు మీదకి దిగి, తల వంచి పడవ రెండు అంచులూ చూసింది. తృప్తి లేనట్టుంది, మళ్ళీ ఎక్కి ఇంకో బస్తా మార్చింది. తర్వాత దిగి గిన్నెలు తోముకుంటూ కూర్చుంది.

నాకు కోపం రావాలి. రాలేదు. ఊరంతా వెతికి, నాకు అన్నం పెట్టే మనిషి వైపు ఒక్కసారి కూడా చూడనందుకు సిగ్గేసింది.

"ఏటే, ఏటి సేత్తన్నావు?" అన్నాను దగ్గరికి వెళ్ళి.

ఆమె ఉలిక్కిపడలేదు. "సరిసేత్తన్నాను."

"అది వొరిగే ఉండాలే. సార్ కావాలనే వొరగబెట్టించినాడు."

"ఆయనకి తెల్దు. నీకూ తెల్దా మావా?"

"నా ఉజ్జోగం పోతాది."

"పోతే పోనీ. నువ్వుంతావు."

"ఉజ్జోగం పోతే మళ్ళీ ఏటకే కదా ఎల్లాల?"

ఆమె చేతిలో గిన్నె ఆగిపోయింది. ఆ సంగతి తెలిసి కూడా, బస్తాలు మార్చేటప్పుడు ఆమెకి అది గుర్తు రాలేదని అప్పుడు నాకర్థమైంది. ఒరిగిన పడవ కంట్లో పడితే చెయ్యి ఆగలేదు, అంతే. నీళ్ళ వైపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది.

"మా అన్న ఎలగ పోనాడో నువ్వు ఏనాడూ అడగనేదు. నాను వొడ్డునే ఉన్నాను మావా. తెప్ప తిరగబడినాదని అందరూ అంతారు. ముందు వొరిగినాది. వలలన్నీ ఒక పక్కకి జారిపోనాయి. ఉన్నోలందరూ గెంతీసినారు. అన్న గెంతనేదు. వలలు ఇవతలకి లాగుతన్నాడు. ఒక్కడే లాగుతన్నాడు. ఇంకొక్కడుంతే సరైపోతాది, ఇంకొక్కడుంతే సరైపోతాది అని నానిక్కడ అరుత్తన్నాను. నా అరుపు ఎవుడికి ఇనిపిత్తాది?"

ఇన్నేళ్ళూ ఆ మాట అడిగితే ఆమె ఏడుస్తుందని అడగలేదు. ఆమె ఏడవలేదు. పమిటతో చేతులు తుడుచుకుని లేచింది.

"బస్తాకి ఏటి తెలుత్తాది మావా? వొరిగిపోతే అక్కడే పడుంతాది. మనిసైతే ఇవతలకి రాగల్దు. ఆ బస్తాలు తీసీసి నన్ను కూకోబెట్టు."

సార్ వచ్చాడు. నేనే మార్చానని చెప్పేద్దామని నోరు తెరిచేలోపు ఆమె ముందుకెళ్ళి, మార్చింది తనేనని, ఎందుకు మార్చిందో కూడా చెప్పేసింది. ఆయన ఆమెనీ నన్నూ మార్చిమార్చి చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు, అద్దంలో రోజూ చూసేదే. ఇద్దరం కలిసి ఏదో నాటకం ఆడుతున్నామని అనుకుంటున్నాడు.

"మీ బరువెంతమ్మా?" అన్నాడు చివరికి.

మా ఆవిడ నా వైపు తిరిగింది. "ఏటి మావా ఈయన, ఆడమనిసిని పట్టుకుని అలగడుగుతాడు?"

"బరువు కోసం మనుషుల్ని కూర్చోబెట్టడం ఎక్కడైనా ఉన్నదేనమ్మా, అందుకడిగాను" అన్నాడు సార్ తడబడి. అతిథులు అప్పటికే రేవు మీదకి వచ్చేస్తున్నారు. ఇంకో దారి లేక ఊఁ అన్నాడు. కొన్ని బస్తాలు దింపేసి, మిగిలినవన్నీ మళ్ళీ ఎడమవైపుకి చేర్చి, వాటి పైన, ఆ మూలనే ఆమెని కూర్చోబెట్టాం. సార్ లైఫ్‌జాకెట్ ఇస్తే వేసుకుంది. తర్వాత లేచి వచ్చి, నేను ఎప్పుడూ వేసుకోనిది నాకూ తొడిగి, పట్టీలు లాగి చూసి, మళ్ళీ వెళ్ళి కూర్చుంది.

పడవ కదిలింది. వేగం అందుకుంది, ఎడమవైపు ఒరిగింది, అల లేచింది. భువనేశ్వర్ కుర్రాడు పలక మీద నిలబడ్డాడు. అందరూ కేకలు వేశారు. సార్ ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు. నేను ముందున్న అద్దంలో వెనక్కి చూశాను. మా ఆవిడ అలని చూడడం లేదు, కుర్రాణ్ణీ చూడడం లేదు. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, పడవ అంచునే చూస్తోంది. నీళ్ళు ఆ అంచుకి బెత్తెడు దూరంలో పరుగెడుతున్నాయి. ఆ అంచుని ఆనుకుని కూర్చుని ఉన్నది నా మనిషి. నాకు భయం వేసింది. సముద్రంలో కూడా ఎప్పుడూ అంత భయపడలేదు. నాకు తెలియకుండానే చెయ్యి వేగం తగ్గించేసింది. పడవ ముక్కు దిగింది, అల చచ్చిపోయింది, కుర్రాడు నీళ్ళలో పడ్డాడు.

"ఏమైందయ్యా?" అని సార్ అరిచాడు.

వెనక్కి తిరిగాను. ఆమె నా ముఖం చూసింది. చూసి, ఆ మూలనే ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.

"ఎల్లు మావా" అంది. "మరీ వొరిగితే నాను ఇవతలకి వొచ్చీయనా? నానున్నాను కదా, ఎల్లు."